అందరూ తలూపారు, పుస్తకం మాత్రం యానిమేటర్ ఇంట్లోనే ఉంది

ప్రశ్న: నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ప్రకాశం జిల్లాలో పొదుపు సంఘాల సభ్యులకు లెక్కల పుస్తకాలు రాయడం, ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పుతుంటాను. మండల కేంద్రంలో మూడు రోజుల శిక్షణ. ముప్ఫై ఐదు మంది దాకా వస్తారు. స్లైడ్లు చూపిస్తాను, ఉదాహరణలు చెబుతాను. ప్రతి అంశం తర్వాత ‘అర్థమైందా అక్కా?’ అంటే అయిందనే అంటారు. చివర్లో ఫారంలో ‘చాలా బాగుంది’ అని రాసిస్తారు. నెల తర్వాత ఊరికి వెళ్తే పుస్తకం యానిమేటర్ (ఊళ్లో సంఘాల లెక్కలు చూసే కార్యకర్త) ఇంట్లో ఉంటుంది, వీళ్లలో ఒక్కరూ ఒక్క పేజీ రాసి ఉండరు. ఎక్కువమంది మా అమ్మ వయసువాళ్లు, గట్టిగా అడగలేను. లోపం నా చెప్పడంలో ఉందా, లేక పెద్ద వయసులో చదువు ఇంతేనా?

సమాధానం: ముందు వయసు సంగతి తేల్చేద్దాం. మీ ఎదుట కూర్చున్న అక్కల్లో చాలామంది పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక నేర్చుకున్న పనులు లెక్కపెట్టండి. గ్యాస్ పొయ్యి, ఏటీఎం కార్డు, వాట్సాప్‌లో దుబాయిలో ఉన్న కొడుక్కి వాయిస్ మెసేజ్ పెట్టడం. ఇవేవీ ఎవరూ స్లైడ్లు వేసి నేర్పలేదు. అవసరం పడింది, పక్కన ఎవరో ఉన్నారు, నాలుగుసార్లు తప్పు చేశారు, ఐదోసారి వచ్చింది. మీ శిక్షణలో ఈ నాలుగు తప్పులకు చోటు లేదు. అక్కడ తప్పు చేసే అవకాశం మీకొక్కరికే ఉంది, ఎందుకంటే పని చేస్తున్నది మీరొక్కరే.

‘అర్థమైందా అక్కా?’ అనే మాట ఇవాళ్టితో మానేయండి. పెళ్లి భోజనాల దగ్గర వంటలు బాగున్నాయా అని అడిగితే, సాంబారులో ఉప్పు తక్కువైనా బాగున్నాయనే అంటాం. మీకొచ్చే జవాబు కూడా అలాంటిదే. చిన్నపిల్ల కష్టపడి చెబుతోంది, మనసు నొప్పించడమెందుకని ఒకపక్క. పదిమందిలో తనకొక్కదానికే తెలియలేదని బయటపడటమెందుకని ఇంకోపక్క. ఆ మాట బదులు పని ఇవ్వండి: ‘ఒకావిడ ఈ నెల పదకొండు వందలు కట్టింది. ఈ పేజీలో ఎక్కడ రాస్తారో వేలు పెట్టి చూపించండి.’ వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ తచ్చాడిందో చూడండి. తర్వాత ఏం చెప్పాలో అది చెబుతుంది. ‘చాలా బాగుంది’ ఫారాలు ఆఫీసుకు పంపడానికి పనికొస్తాయి, అంతకుమించి వాటిని నమ్ముకోవద్దు.

ఇంట్లో ఆవకాయ ఎలా నేర్పుతారో గుర్తు చేసుకోండి. ఏ అత్తగారూ కోడలికి ఆవాల గుణగణాలు వివరించదు. ముక్కలు తుడవమని పొడి గుడ్డ చేతికిస్తుంది. ఎన్ని మెట్లున్నా పదేపదే హెచ్చరించేది ఒక్కటే, తడి తగలనివ్వకని. కారం పిడికెడు ఎక్కువైనా, నూనె చాలక మూడోనాడు తిరగకలిపేటప్పుడు ఇంకాస్త పోసినా సర్దుకుపోతుంది. తడి తగిలితే మాత్రం జాడీ అంతా బూజే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి అసలేమీ రాని కొత్తవాళ్లు కుప్పలుగా వచ్చి పడ్డప్పుడు, అక్కడి ప్రభుత్వం సూపర్‌వైజర్లకు నేర్పిన పద్ధతి సారమూ ఇదే. పనిని మెట్లుగా విడగొట్టు, ఏ మెట్టు దగ్గర చెడుతుందో ఆ చోటు గట్టిగా చెప్పు, దగ్గరుండి చేయించు, తర్వాత వెళ్లి చూడు. మీ స్లైడ్లలో నలభై విషయాలు ఒకే గొంతుతో ఉండి ఉంటాయి. వాటిలో తడి తగిలే చోట్లు ఏవో మీకు మీరే తేల్చుకోండి.

లెక్కల పుస్తకంలో అలాంటి చోటు అసలు, వడ్డీ వేరుచేసే దగ్గర ఉంది. సంఘం నుంచి ఒకావిడ పదివేలు అప్పు తీసుకుంది. నూటికి రూపాయి వడ్డీ, పది కంతులు. మొదటి నెల వెయ్యి అసలు, వంద వడ్డీ, మొత్తం 1,100 తెచ్చి కట్టింది. రాసేవాళ్లు ఆ 1,100 మొత్తాన్నీ అసలు గడిలో వేసేస్తారు. అప్పు నిల్వ 9,000 ఉండాల్సింది 8,900 అయిపోతుంది, సంఘానికి వచ్చిన వడ్డీ సున్నా అవుతుంది. చిక్కేమిటంటే, ఆరోజు పెట్టెలో డబ్బు లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. అందుకే తప్పు నెలల తరబడి బయటపడదు. తీరా ఏడాది చివర ఆడిట్‌లో ఎవరి అప్పు ఎంత మిగిలిందో కూడినప్పుడు గొడవ మొదలవుతుంది. రెండో తప్పు దీనికి అన్నదమ్ముడు. ప్రతి నెలా వడ్డీ తగ్గుతూ రావాలని తెలియక, పది నెలలూ వంద చొప్పునే వసూలు చేస్తారు.

ఈ రెంటినీ బోర్డు మీద చెబితే తలూపుతారు. చేతులతో చేయిస్తే తెలుస్తుంది. పాత శుభలేఖలు కత్తిరించి పది ముక్కలు చేయండి. ఒక్కోటి వెయ్యి రూపాయలు. మామూలు కాగితమైతే ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంది. యాభై ఐదు చింతపిక్కలు తీసుకోండి, ఒక్కోటి పది రూపాయలు. రెండు గిన్నెలు కావాలి, ఒకదాని మీద ‘అసలు’, ఇంకోదాని మీద ‘వడ్డీ’ అని చాక్‌పీసుతో రాయండి. అయిదుగురిని ఒక జట్టు చేయండి. ఒకరు అప్పు తీసుకున్నావిడ, ఒకరు వసూలు చేసేవారు, ఒకరు రాసేవారు, ఒకరు లెక్కపెట్టేవారు, ఒకరు తప్పు పట్టేవారు. మీకొచ్చేది ముప్ఫై ఐదు మంది అంటున్నారు కాబట్టి ఏడు జట్లు: 70 ముక్కలు, 385 పిక్కలు. ముందురోజు రాత్రే లెక్కపెట్టి ఏడు కవర్లలో కట్టి ఉంచుకోండి. అక్కడికెళ్లి లెక్కపెడుతూ కూర్చుంటే అరగంట పోతుంది.

వెయ్యి ముక్కలు పదీ అప్పు తీసుకున్నావిడ ముందు వరుసగా పేర్చాలి. అదే ఆమె అప్పు నిల్వ. నెల తిరిగింది. ముందున్న ఒక్కో వెయ్యి ముక్కకు ఒక్కో పిక్క తీసి వడ్డీ గిన్నెలో వేయాలి: పది పిక్కలు, వంద రూపాయలు. ఆ తర్వాతే ఒక వెయ్యి ముక్క తీసి అసలు గిన్నెలో వేయాలి. రెండో నెల ముందున్నవి తొమ్మిది ముక్కలే, అంటే తొమ్మిది పిక్కలు, తొంభై రూపాయలు. ఇక్కడ ఎవరో ఒకరు ‘అయ్యో, మాకు ఇన్నాళ్లూ వందే తీసుకున్నారు కదా’ అంటారు. మీరు ఏమీ అనకండి. వాళ్లలో వాళ్లను మాట్లాడుకోనివ్వండి. పదో నెల అయ్యేసరికి వడ్డీ గిన్నెలో 55 పిక్కలుంటాయి, 550 రూపాయలు. నెలకు వంద చొప్పున తీసుకుంటే వెయ్యి అయ్యేది. తేడా 450.

ఒక జట్టు 45 పిక్కలతో తేలుతుంది, చూస్తూండండి. వాళ్లు ముందు అసలు ముక్క తీసేసి, మిగిలినవాటికి పిక్కలు లెక్కపెట్టి ఉంటారు. తప్పని చెప్పకండి. ‘ఈ నెలంతా ఆ వెయ్యి ఎవరి దగ్గరుంది?’ అని అడగండి చాలు. నెలంతా వాడుకున్న డబ్బుకు వడ్డీ కట్టాలి కాబట్టి వడ్డీ ముందు, అసలు తర్వాత అనే సంగతి వాళ్ల నోటి నుంచే వస్తుంది. ఈ ఆటకు యాభై నిమిషాలు పడుతుంది. తొందరపెట్టి ఇరవైలో ముగించొద్దు. మధ్యలో కనీసం రెండుసార్లు పాత్రలు మార్చండి, లేకపోతే రాయడం వచ్చినావిడే చివరిదాకా రాస్తుంది.

భాష విషయంలో ఒక్క మాట. మీ స్లైడ్లో ‘సంవత్సరానికి 12 శాతం’ అని ఉంటుంది. వాళ్ల నోట్లో ఉండేది నూటికి రూపాయి. రెండూ ఒకటే అయినా మొదటిది వినగానే ఇది బడి లెక్క అనుకుని పక్కకు తప్పుకుంటారు. వాళ్ల మాటతో మొదలుపెట్టి, ఆట అయ్యాక బ్యాంకువాళ్లు దీన్నే పన్నెండు శాతమంటారని చెప్పండి. ఆ ఊపులోనే, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ లెక్కగట్టే ప్రైవేటు అప్పు ఎంత భారమవుతుందో వాళ్లచేతే పిక్కలతో పోయించి చూపించండి. ఇంటికెళ్లి మొగుడికి, మరదలికి చెప్పుకునే విషయం అదవుతుంది. చెప్పుకున్నది మరచిపోరు.

తెలుగునేల మీద వయోజనుల చదువు సంగతి తలచుకుంటే దూబగుంటను దాటిపోలేం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, సారా వల్ల చితికిన కుటుంబం కథ ఒకటి వాచకంలో పాఠంగా ఉంది. రాత్రి బళ్లో ఆడవాళ్లు ఆ పాఠం చదివి, ఇది మన ఇంటి గోడు కదా అనుకున్నారు. 1992లో దూబగుంటలో సారా దుకాణానికి ఎదురు తిరిగారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే నెల్లూరు పల్లెల్లో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు లేచాయి. మీరు ఇవాళ పుస్తకాలు నేర్పుతున్న సంఘాలకు అవి అక్కచెల్లెళ్ల వరుస. ఆ అక్షరాలు నిలబడింది పాఠంలో వాళ్ల బతుకు కనిపించినందుకు. మీ ఉదాహరణల్లో ‘సభ్యురాలు అ’, ‘సభ్యురాలు ఆ’ ఉంటే తీసేయండి. బర్రె కొనడానికి అప్పు, కౌలు కట్టడానికి అప్పు, ఆడపిల్ల కాలేజీ ఫీజుకు అప్పు అని పెట్టండి. ఇంకా మంచిది, వచ్చేటప్పుడు ప్రతి సంఘాన్నీ తమ అసలు పుస్తకం తెమ్మనండి. అయితే ఒక సంఘం తప్పును ఇంకో సంఘం ముందు ఎత్తి చూపొద్దు. ఊళ్లో అది చాలాకాలం నలుగుతుంది. తప్పుల కోసం మీరే మూడు తప్పులు పెట్టి ఒక నకిలీ పేజీ తయారుచేసి ఇవ్వండి. పెద్దవాళ్లకు పరీక్ష రాయడమంటే చిరాకు. వేరేవాళ్ల తప్పు పట్టడమంటే మాత్రం మహా ఉత్సాహం.

రాయించేటప్పుడు ముగ్గు పద్ధతి పాటించండి. చిన్నపిల్లకు ముగ్గు నేర్పేటప్పుడు అమ్మ చుక్కలు పెట్టి, రెండు గీతలు తను కలిపి, మిగతావి పిల్లను కలపమంటుంది. మొదటి పేజీ పూర్తిగా నింపి ఇవ్వండి, చదివి చెప్పమనండి. రెండో పేజీలో పేర్లు, పాత నిల్వలు మీరే రాసి, ఈ నెల అసలు, వడ్డీ, కొత్త నిల్వ గడులు ఖాళీగా వదలండి. మూడో పేజీ అంతా ఖాళీ. చాలా శిక్షణల్లో మొదటి పేజీ నుంచి ఒక్క గెంతులో మూడో పేజీకి వెళ్తారు. ఆ ఖాళీ గడులు చూడగానే పెన్ను పక్కనున్నావిడ చేతికి మారిపోతుంది.

‘నాకు చదువు రాదమ్మా’ అనేవాళ్లను వెనక వరుసలో వదిలేయొద్దు. కూలి డబ్బుల పంపకం, చీటీ పాట లెక్క నోటితో చెప్పగలిగినావిడకు వడ్డీ లెక్క రాకపోదు, రానిది రాత ఒక్కటే. ఆమెను లెక్కపెట్టేవారిగా పెట్టండి. ఆమె అంకె చెప్పాలి, రాసేవారు రాయాలి, చివర్లో ఆమె ఒప్పుకున్నాకే పేజీ మూయాలి. ఇందుకు భిన్నమైన తలనొప్పి ఇంకొకరు. అన్నీ తెలిసిన లీడరో, పదో తరగతి చదివిన కోడలో ప్రతి ప్రశ్నకూ ముందే జవాబు చెప్పేస్తుంది. ఆమె నోరు మూయించాలని చూస్తే చిన్నబుచ్చుకుంటుంది. తప్పు పట్టే పని ఇచ్చి, పేజీ పూర్తయ్యేదాకా మాట్లాడకూడదన్న నియమం పెట్టండి.

కళ్లజోళ్ల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాం. నలభై దాటితే చత్వారం మామూలే. మీ అక్కల్లో సగంమందికి ఆ సన్న గడులు మసకగా కనిపిస్తూ ఉండొచ్చు, పదిమందిలో చెప్పుకోలేరు, ‘నాకు రాదమ్మా’ అంటారు. +1.5, +2, +2.5 పవర్ల రెడీమేడ్ అద్దాలు ఒక్కో జత సంచిలో పెట్టుకోండి. పెట్టుకోమని ఎవరినీ పిలవొద్దు, బల్ల మీద ఉంచండి, వాళ్లే తీసుకుంటారు. గడులు వెడల్పుగా గీసిన నమూనా పేజీలు జిరాక్స్ తీయించండి. కిటికీ వెలుగు పేజీ మీద పడేలా కూర్చోబెట్టండి.

ఫోన్ దగ్గరికొద్దాం. అక్కడ మొదటి అడ్డంకి పాఠానికి ముందే ఉంటుంది. ఫోన్ కొడుకుది, సిమ్ భర్తది, ఖాతా ఆమెది. యూపీఐ నమోదు చేసేటప్పుడు బ్యాంకుకిచ్చిన నంబరు సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి. ఆ సిమ్ వేరే ఫోన్‌లో ఉన్నా, రీఛార్జి అయిపోయి ఎస్ఎంఎస్ వెళ్లకపోయినా నమోదు అక్కడే ఆగిపోతుంది. ముప్ఫై ఐదు మంది ముందు ఒక్కో ఫోన్‌తో కుస్తీ పడితే రోజంతా దానికే పోతుంది. కాబట్టి వారం ముందే కబురు పెట్టండి: బ్యాంకు నంబరున్న సిమ్, దానికి రీఛార్జి, ఫోన్ ఛార్జింగ్. సిద్ధంగా ఉన్నవాళ్లతో పాఠం నడపండి, మిగిలినవాళ్లు పక్కన కూర్చుని చూస్తారు. వాళ్ల నమోదు ఊరికి వెళ్లినప్పుడు చేయించండి.

‘నొక్కండి’ అనే మాట వాడొద్దు. నొక్కమంటే బొటనవేలితో అదిమి పట్టి ఉంచుతారు, బొమ్మ కదిలిపోతుంది, లేకపోతే ఇంకేదో తెరుచుకుంటుంది, ఫోన్ పాడైందని భయపడతారు. ‘తాకి వదిలేయండి’ అనండి. వేడి అట్ల పెనం చురుకు చూసినట్టు, అంతే. చేతి చర్మం గరుకుగా ఉండి తాకినా పలకకపోతే చూపుడువేలు బదులు మధ్యవేలితో ప్రయత్నించమనండి. అన్నిటికంటే ముఖ్యం, ‘ఇలా ఇవ్వండక్కా’ అని ఫోన్ లాక్కోకండి. శిక్షకులందరికీ ఉన్న జబ్బు ఇది. మీరు రెండు క్షణాల్లో చేసి ఇస్తారు, ఆమె నేర్చుకునేది మాత్రం ఫోన్ మీకివ్వడం ఒక్కటే. అవసరమైతే మీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడండి.

అభ్యాసానికి రూపాయి చాలు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ ఒకరికొకరు ఒక్కో రూపాయి ఐదేసిసార్లు పంపుకోవాలి. ప్రతిసారీ పిన్ కొట్టకముందు తెర మీద వచ్చిన పేరు, అంకె బయటకు చదవాలి. వెయ్యికి పదివేలు కొట్టే ప్రమాదం ఆగేది ఆ చదవడం దగ్గరే. ఇక ఫోన్‌లో తడి తగిలే చోటు ఒక్కటే: డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పనిలేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. పిన్ అడిగితే మన ఖాతాలోంచి పోతోందని, లేదా మన బ్యాలెన్స్ చూపించబోతోందని అర్థం. ఇది చెప్పి ఊరుకోకండి. మీరే మోసగాడి గొంతుతో ‘అమ్మా, మీకు పథకం డబ్బు పడింది, పిన్ కొట్టి తీసుకోండి’ అని ఒక్కొక్కరితో మాట్లాడండి, వాళ్లచేత కాదనిపించండి. నవ్వుకుంటారు, నవ్వుతూనే నాలుక తిరుగుతుంది. మోసపోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930ని ఫోన్‌లో వాళ్లచేతే సేవ్ చేయించండి.

మూడు రోజుల కార్యక్రమాన్ని మార్చడం మీ చేతుల్లో లేకపోవచ్చు. తేదీలు మాత్రం కొంతవరకు మీ మాట మీద ఉంటాయి కదా. మరపు మొదట్లోనే వేగంగా జరుగుతుందని జర్మనీ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని రాశాడు. ఆయన కంఠతా పట్టింది అర్థం లేని అక్షరాలు, మీరు నేర్పేది పనికొచ్చే లెక్క, అయినా దిశ అదే. శిక్షణ అయిన ఇరవై రోజులకు సంఘం సమావేశం ఉంటే అప్పటికి చేతిలో మిగిలేది తక్కువ. సమావేశానికి రెండు మూడు రోజుల ముందు శిక్షణ పడేలా చూడండి. నాట్ల రోజుల్లో, మిరప కోతల్లో పెడితే కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ల ధ్యాస పొలం మీదే ఉంటుంది. భోజనాల తర్వాత మొదటి గంటలో చెప్పే పాఠం పెట్టొద్దు, పిక్కల ఆట పెట్టండి. ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని దానికి అరగంట ముందే ముగించండి, లేకపోతే చివరి గంట అంతా కళ్లు గడియారం మీదే.

పెద్దవాళ్లను గట్టిగా అడగలేనన్నారు. అడగక్కర్లేదు. మొదటి గంట మీరు అడిగేది ఇదొక్కటే అయితే చాలు: ‘పోయిన నెల మీ సంఘంలో డబ్బు దగ్గర మాట పట్టింపు ఎక్కడొచ్చింది?’ నాలుగైదు సంఘాలు చెప్పాక, ఆ మూడు రోజుల్లో ఏది ఎక్కువసేపు నేర్పాలో, దేన్ని వదిలేయొచ్చో బోర్డు మీదే కనిపిస్తుంది. అడిగి తెలుసుకునే మనిషి దగ్గర వయసు తేడా పెద్దగా అడ్డురాదు.

తర్వాతి నెల ఊరికి వెళ్లినప్పుడు పాఠం మళ్లీ చెప్పకండి. సమావేశంలో ఒక మూల కూర్చోండి. పుస్తకం ఎవరి ఒళ్లో ఉందో, 1,100 తెచ్చినావిడ దగ్గర ‘అసలెంత, వడ్డీ ఎంత’ అని ఎవరైనా అడిగారో లేదో, పేజీ మూసేముందు మొత్తం బయటకు చదివారో లేదో, ఈ మూడే చూడండి. అవసరమైతే సంచిలోంచి పిక్కల కవరు తీసి పెట్టండి, పెన్ను మాత్రం పట్టుకోకండి. వీలైతే యానిమేటర్‌తో ముందే మాట్లాడుకుని, ఆవిడ రాని రోజు చూసుకుని వెళ్లండి.